చెలమ హద్దు చెరిపివేయుట గురించి

మండల తహశీల్దారు గారి సముఖమునకు ఎర్రకల్లుదొడ్డి నీళ్ల కమిటీ సభ్యుడు దేవేంద్రప్ప వ్రాసుకొన్న అర్జీ.

విషయం: తుంగభద్ర ఇసుకలోని చెలమపై నేనే పెట్టిన అర్జీని నేనే వాపసు తీసుకొనుట గురించి.

అయ్యా,

1. నది ఎండినప్పుడు ఇసుకలో తవ్విన ఆ ఒక్క చెలమే ఇటు మా ఊరికీ, అటు కర్ణాటక గట్టు మీది ఊరికీ తాగునీరు. ఎవరు ముందొస్తే వారు తోడుకొనుట మామూలు.

2. గత నెల నేను, "పొరుగు రాష్ట్రస్థులు మన జలములు తరలించుకుపోవుచున్నారు, ప్రపంచంలో ఇకపై యుద్ధాలన్నీ నీటికోసమే, ఇది దేశభద్రతా విషయము, హద్దు తేల్చి కాపలా పెట్టవలెను" అని తమకు వ్రాసుకొని యున్నాను. అదంతా టీవీలో విన్నది. వ్రాసేటప్పుడు నాకు చాలా గొప్పగా అనిపించింది.

3. అసలు కారణం వేరు. చెప్పడానికి సిగ్గుగా ఉంది. చెలమలోకి చెప్పులు విడిచి దిగాలి. ఆ రోజు ఇసుక కాలుతోందని చెప్పులతోనే దిగాను. అవతలి గట్టు హంపమ్మ అందరి ముందర, "ఏమప్పా దేవేంద్రప్పా, చెప్పుల కాళ్లతో యాడికి దిగుతాండావు? తాగే నీళ్లు కదప్పా!" అనింది. ఆడవాళ్లు నవ్వారు. ఆ రోషానికే దేశభద్రత అని పేరు పెట్టాను.

4. తమరు వెంటనే స్పందించినారు, అదే నా ఖర్మ. రెండు రాష్ట్రాల సర్వేయర్లు వచ్చి కొలవగా, చెలమ పదకొండు అడుగులు అవతలి హద్దులో పడినది. నేను కోరిన కాపలా వాళ్లు పెట్టుకొన్నారు. మావాళ్లను రానివ్వడం లేదు. మా వైపు నాలుగుచోట్ల తవ్వినా చెమ్మ తగల్లేదు. ట్యాంకరు వారానికొకసారి వస్తుంది. అర్జీ నాదని నా భార్య గిడ్డమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. ఊరంతా తమ ఆఫీసును తిడుతోంది. నేనూ వాళ్లతో కలిసి తిడుతున్నాను, క్షమించవలెను.

5. నిన్న కాపలావాడు టీకి పోయినప్పుడు హంపమ్మ హద్దురాయి దాటి వచ్చి, గిడ్డమ్మకు రెండు బిందెల నీళ్లిచ్చింది. "ఎవురో అర్జీ పెట్టినారంట గదక్కా. పోనీలే, వాని ఇంట్లో గూడా తాగాల గదా" అనింది. గిడ్డమ్మ నా వైపు చూసింది. అయ్యా, ఆ నీళ్లు నేను తాగాను. దప్పిక ఆగలేదు, ఏం చేసేది?

కావున హద్దురాళ్లు పీకించి, పాత మామూలు ప్రకారం రెండు ఊర్లకూ చెలమ ఇప్పించవలెను. నా పేరు మాత్రం బయట పెట్టవద్దని మనవి. నవ్వుకోకుండా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దేవేంద్రప్ప

తా.క.: ఇది చదివి వినిపిస్తే గిడ్డమ్మ, "పేరు దాస్తే మళ్లా అదే దొంగపనే గదా" అనింది. ఆ మనవి రద్దు చేసుకొంటున్నాను. ఒక నకలు పంచాయతీ గోడకు అంటించాను. ఇంకొకటి హంపమ్మకు ఇద్దామనుకొన్నాను గానీ, ఆమెకు వచ్చింది కన్నడ అక్షరాలే. నోటితోనే చెప్పాలి.