మూడో జవాబు

బుధవారం, రాత్రి

గనిలో గ్యాస్ కొలిచే సెన్సర్ల కోసం నేను తయారుచేస్తున్న ప్రోగ్రామింగ్ భాష ఈ రోజు ఆఫీసులో నా పరువు తీసింది. పరీక్ష కోసం, నాతో పనిచేసే సతీశ్ బల్ల మీది సెన్సర్ వైరు పీకేశాడు. తెర మీద మాత్రం 'సురక్షితం' అనే పచ్చరంగు కదల్లేదు. కొత్త కొలత రాకపోతే పాతదే నిజమనుకోమని దానికి నేర్పింది నేనే. గనిలోకి దిగకముందే బయటపడింది, సతీశ్‌కు దండం పెట్టాలి.

ఇంటికొచ్చేసరికి పక్కింటి అక్క అమ్మను తమ్ముడి గురించి అడుగుతోంది. వాడిది గనిలో సెకండ్ షిఫ్టు.

"చిన్నోడు మంచిగున్నడా?"

"పోయేటప్పుడైతే మంచిగనే ఉండె. ఇప్పుడెట్లున్నడో తెల్వది. ఇంటికొచ్చినంక చెప్త."

నాన్న గని డ్యూటీకి పోయిన రోజుల నుంచీ అమ్మ మాట ఇదే. ఈ రోజే నాకు సరిగ్గా వినబడింది.

అన్నం కూడా తినకుండా కూర్చుని, భాషలో 'సురక్షితం', 'ప్రమాదం' పక్కన మూడో జవాబు చేర్చాను: 'తెల్వది'. వైరు తెగితే ఇక పచ్చరంగు ఉండదు. కానీ ప్రతి 'తెల్వది'కీ సైరన్ మోగిస్తే కొన్నాళ్లకు ఎవరూ పట్టించుకోరేమో. దానికి ఏం చేయాలో...

గేటు దగ్గర తమ్ముడి బండి ఆగింది. అమ్మ తలుపు తీసి చూసింది.

"మంచిగున్నడు," అంది, ఎవరూ అడగకుండానే.