పచ్చిక మీద చల్లిన కోళ్ళ ఎరువు

తమ్ముడూ, నేను కులాసాగానే ఉన్నాను. నేను పనిచేసే ఫారంలోని కోళ్ళ ఎరువును పక్కనున్న పాలావిడ తన పచ్చిక మీద చల్లించింది. గడ్డి ఏపుగా పెరిగింది. మేసిన ఆవులన్నీ కాళ్ళు పడిపోయి కూలబడ్డాయి. నాలుక లోపలికి తీసుకోలేవు, కళ్ళు మాత్రం మనల్నే చూస్తుంటాయి.

"ఎరువులో చచ్చిన కోళ్ళున్నాయి, అవి కుళ్ళి విషం పుట్టిందమ్మా. ఆ విషానికి ఇక మందు లేదు," అన్నాడు పశువుల డాక్టరు.

"మరి ఇది నన్నెందుకు చూస్తోందయ్యా?" అంది ఆవిడ, ఒక ఆవు తల నిమురుతూ.

ఆవులన్నీ చచ్చిపోయాయి. గోతులు నేనే తవ్వాను.

నాన్న తెప్పించిన కోళ్ళ ఎరువు లోడు ఇంకా చల్లలేదు కదా? అందులో ఎముకలు కనిపిస్తే వెనక్కి పంపెయ్యి. లేకపోతే కుప్పపోసి, కప్పి, బాగా మాగాక మొక్కజొన్న చేలో కలియదున్ను. ఆవు మేసే చోట మాత్రం వద్దు. అమ్మ మోకాళ్ళెలా ఉన్నాయి? నువ్వూ మరదలూ చల్లగా ఉండండి. నాన్న కొట్టిపారేస్తే ఈ కార్డు ఆయన చేతికే ఇవ్వు.

మీ అన్న