నీ వైపు లాక్

సుజాతా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. పొద్దున నాంపల్లిలో మన పాత కారుకు సెంట్రల్ లాక్ పెట్టించాను. ఇప్పుడు రిమోట్ మీద బటన్ నొక్కితే నాలుగు తలుపులూ ఒకేసారి తెరుచుకుంటాయి. ఇన్నేళ్లూ నేను ముందు ఎక్కి, పక్కకు వంగి లాక్ తీస్తేనే కదా నువ్వు ఎక్కేదానివి.

ఆబిడ్స్‌లో మనం గొడవపడిన ఆ సాయంత్రం వాన మొదలైంది. నేను ఎక్కి కూర్చున్నాను, నీ వైపు లాక్ మాత్రం తీయలేదు. నువ్వు అద్దం మీద కొడుతుంటే వినబడనట్టు ఎదురుగా చూస్తూ ఉండిపోయాను. చివరికి తీసి, "లాక్ పట్టేసింది" అన్నాను. నువ్వు నమ్మావు. తడిసిన కొంగు పిండుకుంటూ, "జర మంచి లాక్ పెట్టిచ్చుకోరాదు? గట్ల వంగి గుంజితే నీ నడుమేం గావాలె?" అన్నావు. తర్వాత కూడా చాలాసార్లు అడిగావు. అడిగినప్పుడల్లా ఆ వాన గుర్తొచ్చి మాట దాటేశాను.

ఇవాళ మెకానిక్ నీ వైపు తలుపు విప్పి చూశాడు. "పాత లాక్ మంచిగనే ఉన్నది సార్. గిది ఎన్నడూ పట్టేసినట్టు లేదు" అన్నాడు.

"ఔ, ఎన్నడూ పట్టేయలే" అన్నాను.

నీకు చెప్పవలసిన మాట అతనికి చెప్పాను.