అలలు లేని చోటు

షోవా 19 (1944), మే 9

నా పేరు నకత్సుకా ఇసో. డెబ్బై ఒక్కేళ్లు. ఇంట్లో నేను, కొడుకు కాంజి, కోడలు హత్సుయొ. నాకు అక్షరం రాదు, పాత పోస్ట్‌మాన్ తొకుహెయి రాస్తున్నాడు. చెప్పింది చెప్పినట్టు రాయి తొకుహెయీ, మెరుగులు దిద్దావంటే ఊరుకోను.

నిన్న పొద్దున నేవీ నీటి విమానం ఒకటి, అమెరికా తూటాలన్నీ తప్పించుకొచ్చి, మా అఖాతంలో దిగుతూ ముక్కు గుచ్చుకుని విరిగింది. ఏడుగురు పోయారు. ఆక్టోపస్‌లు పట్టే కుండలకు గుర్తుగా కట్టిన మా తేలే బెండ్లు దారికి అడ్డమయ్యాయని కాంజిని మిలిటరీ పోలీసులు పట్టుకుపోయారు. అబద్ధం. మా బెండ్లు చాలా అవతల ఉన్నాయి.

నా అనుమానం రేవులో విమానాల కోసం ఉంచిన లాంచీ వాళ్ల మీద. నీళ్లు కదలకుండా ఉంటే పైలట్‌కు ఎత్తు తెలియదు. అలాంటప్పుడు ముందే లాంచీ తిరిగి అలలు రేపాలి. నిన్న లాంచీ కదలలేదు.

మే 11

లాంచీ నడిపే షింపాచిని రేవులోనే నిలేశాను. తాగి పడుకున్నావు కదరా అన్నాను. "నోరు జారకు అవ్వా. ఆ పూట గాలి ఉంది, అఖాతమంతా అలలే, ఇక లాంచీతో పనేముంది? కళ్లు ఆనకపోతే ఇంట్లో కూర్చో" అన్నాడు. వాడు పుట్టకముందు నుంచి ఈ నీళ్లు చూస్తున్న కళ్లివి. నమ్మను.

మే 12

కోడలు నా మొహం చూడటం లేదు. ఏదో దాస్తోంది.

మే 14

ఆ విమానంలో బతికిన గన్నర్ ఒకడు గుడిలో పడుకుని ఉన్నాడు. బార్లీ గంజి పట్టుకెళ్లి అడిగాను. "అంతటా అలలే అవ్వా. సరిగ్గా మేం దిగేచోట మాత్రం అద్దంలా ఉంది. ఇంకా ఎత్తులోనే ఉన్నామనుకున్నాడు మా పైలట్" అన్నాడు. గాలి వీస్తుంటే అద్దమేమిటి? దెబ్బకు మతి చెడిందనుకున్నాను.

కాంజి మిలిటరీ పోలీసుల స్టేషన్లో నోరు విప్పడం లేదట. తప్పు చేయనివాడికి మౌనం ఎందుకు? కన్నకొడుకు మీదే అనుమానం పుట్టింది. ఇదీ రాయి.

మే 15

ఇల్లెగిరిపోయేలా కోడలి మీద అరిచాను. సార్డీన్ నూనె సీసా తెచ్చి నా ముందు పెట్టింది. అడుగున నాలుగు చుక్కలున్నాయి. "అత్తయ్యా, ఆ పొద్దున పడవ నడిపింది నేను, నూనె చల్లింది మీరు. మీ అబ్బాయి ఒడ్డునుంచి చూశారు. మీ పేరు ఎత్తొద్దని నాతో ఒట్టు వేయించుకుని పోయారు" అంది.

నీళ్ల అడుగు చూసే గాజుపెట్టె పోయిన నెల పగిలింది. అందుకని మా అమ్మ చేసినట్టే నూనె చల్లాను. నూనె పడ్డచోట అలలు చస్తాయి, అడుగున గుల్లలు కనిపిస్తాయి. నూనె కింద కదలని నీళ్లే చూసి, అఖాతమంతా అంతే అనుకుని, బుట్ట నిండగానే ఇంటికొచ్చేశాను. పోటు ఆ నూనెను ఎటు తీసుకెళ్తుందో నాకన్నా తెలిసినవాళ్లు ఈ ఊళ్లో లేరు. విమానాలు దిగేచోటికే.

మే 16

మిలిటరీ పోలీసు అయ్యలారా, నూనె నాది. కాంజిని వదలండి. సీసా తెస్తున్నాను. నమ్మకపోతే ఒక చుక్క నీళ్లలో వేసి చూడండి.

ఇసో వేలిముద్ర. దాని చుట్టూ ఉన్న మరక ఆ నూనెదే.

సాక్షులు: తొకుహెయి, హత్సుయొ, లాంచీ షింపాచి.