అమ్మ ఉత్తరంలోని మాటలు

అమ్మా, నేను కులాసాగా ఉన్నాను. ఫోన్‌లో చెప్పే ధైర్యం లేక కార్డు రాస్తున్నాను. నాకు పని నేర్పుతున్న డిజైనర్ అక్క, మేం ఒక దర్జీకి చేస్తున్న వెబ్‌సైట్‌లో ఖాళీ చోట ప్రస్తుతానికి ఏదో ఒకటి నింపమంది. నేను పరీక్ష తప్పినప్పుడు నువ్వు రాసిన మాటలు నింపాను: "తప్పు కుట్టు మీద ఇస్త్రీ చేస్తే సరైపోదు. విప్పడానికి సిగ్గుపడకు." తర్వాత తీసేయడం మరిచాను. దర్జీ చూసి, అవే ఉంచమన్నాడు. అక్క మండిపడింది. "అమ్మ నీకు రాసింది ఊరందరికీ చూపిస్తావా? ఆవిడ ఒప్పుకుంటేనే ఉంచుతా. లేదంటే దర్జీకి నువ్వే చెప్పుకో."

సోమవారం సైట్ తెరుస్తారు. ఆలోపు ఫోన్ చెయ్యి. చెల్లి దగ్గు తగ్గిందా? నా నీలం స్వెట్టర్ పంపు. నాన్నకు నమస్కారాలు. నువ్వు వద్దంటే తీసేస్తాను, కోపమొచ్చి ఉత్తరాలు మాత్రం మానకు.

నీ పెద్దమ్మాయి