పన్నెండు వోల్టుల వెలుగు

నవంబరు 1998, శనివారం

నాన్న బుల్లెట్‌కు ఎట్టకేలకు లైటు మార్పించాను. పాత ఆరు వోల్టుల దీపం గుంతలో పడ్డాకే గుంతను చూపించేది. మెకానిక్ యాదగిరి బ్యాటరీ, వైరింగ్, బల్బు అన్నీ మార్చి, "అద్దం మీద సగం నల్లరంగు ఏయాల్నా అన్నా? ఎదురొచ్చేటోళ్ల కండ్లల్ల కొడ్తది" అన్నాడు. వద్దన్నాను. ఇన్నేళ్లకు వెలుగొస్తే దానికి మసి పూయడమేమిటి?

వెలుగు చూడాలంటే చీకటి కావాలి కదా. కొత్తగూడ దాటి, వీధిదీపాల్లేని మా చేను దారి పట్టాను. చందానగర్‌కు కాపురం మార్చాక అటు పోనేలేదు. చేను బీడుగా ఉందని అన్న చెబుతుంటే నమ్మాను.

లైటు సూటిగా వెళ్లి ప్రహరీ గోడ మీద పడింది. చేను చుట్టూ గోడ, దాని మీద ఏదో కంపెనీ బోర్డు. గోడ కొత్తదీ కాదు, రెండు వానాకాలాలకు నాచు పట్టింది.

మూడేళ్ల కిందట, నాన్న చనిపోయిన నెలకే అన్న కాగితాలు తెచ్చాడు. "చేను పాస్‌బుక్కుల మన పేర్లెక్కాలె తమ్మీ, సంతకం పెట్టు" అన్నాడు. ఈ బండి సీటు మీదే పెట్టుకుని, చదవకుండా సంతకం చేశాను. బండి నువ్వే ఉంచుకో అంటే ఎంత పొంగిపోయానో! సిగ్గులేని మొహం నాది.

అక్కణ్నుంచి నేరుగా అన్న ఇంటికే వెళ్లాను. గేటు తీసి, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏందిరా గీ లైటు! ఏం కనవడ్తలేదు, జర బంద్ చెయ్యి."

"చేను కాడికి పోయొచ్చిన అన్నా" అన్నాను.

లైటు ఆపేశాను. అన్న చెయ్యి దించలేదు.