సగంలో లేచొచ్చిన సినిమా

చిరంజీవి మా అమ్మాయిని అమ్మ దీవించి రాసేది.

నీ నడుం నొప్పి ఎలా ఉంది? అల్లుడుగారి దగ్గు నిజంగానే తగ్గిందా, లేక నేను బెంగపడతానని తగ్గిందని రాశావా? మీ అత్తగారు కంట్లో చుక్కలు వేళకు వేయించుకుంటున్నారా? నా మనవరాలు, మన పిచ్చుక, అన్నం సరిగ్గా తింటోందా? ఇక్కడ నేను కులాసా. మోకాళ్ల సంగతి రాయను, రాస్తే నువ్వు దిగులుపడతావు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. సెలవులకు నా దగ్గర పదిరోజులు ఉండి వచ్చినప్పటి నుంచి పిల్ల నీ చెయ్యి వదలడం లేదని, బడికి పోనని ఏడుస్తోందని, నువ్వు ఆసుపత్రికి బయల్దేరితే గుమ్మానికి అడ్డం పడుకుంటోందని రాశావు. ఇలాగే ఉంటే నర్సు ఉద్యోగం మానుకోవాలేమో అన్నావు. పిల్ల మనసు మళ్లించడానికి పిల్లలకు చూపించదగ్గ మంచి సినిమాలేవో చెప్పమన్నావు. ముందు అది చెబుతాను.

నాకు పేర్లు గుర్తుండవు. ముప్పై ఏళ్లు హాలు తలుపు దగ్గర టికెట్లు చింపి, ఆట అయ్యాక లోపల ఊడ్చినదాన్ని. ఏది మంచి పిల్లల సినిమానో నాకు చీపురు చెప్పేది. విసుగు పుట్టిందంటే పొట్లాలన్నీ ఖాళీ, సీట్లలోంచి పీకిన దూది నేలంతా. కథలో మునిగిపోయారంటే పాప్‌కార్న్ సగం అలాగే మిగిలిపోయేది.

అలా పొట్లాలు మిగిలిన వాటిలో ఒకటి, గడియారాలు బాగుచేసే చూపు తగ్గిన తాత, ఆయనకు ముళ్లు ఎక్కడున్నాయో చెప్పే మనవరాలు ఉన్న కథ. అందులో ఒక్క దెబ్బలాట లేదు, అయినా పిల్లలు కదల్లేదు. ఇంకోటి బాతును ఇంట్లో దాచిపెట్టుకున్న అన్నాచెల్లెళ్లది. నవ్వి నవ్వి ఒక బుడ్డది సీటు తడిపేసింది, కడిగింది నేనే. అది మీ అత్తగారు కూడా చూడొచ్చు. కత్తులూ రాక్షసులూ ఉన్నవి వద్దు. చూసినంతసేపూ గంతులేస్తారు, ఇంటికి పోయాక బాత్రూముకు ఒంటరిగా వెళ్లరు. ఏది చూపించినా టీవీ పెట్టేసి వంటింట్లోకి పోకు. చివరిదాకా పక్కన కూర్చో.

కూర్చోమని నీకు రాస్తున్నాను గానీ, అలా రాసే మొహం నాకు లేదు. నా దగ్గర ఏమైనా చూసి భయపడిందా అని పిల్లను చూసిన డాక్టరుగారు అడిగారని నువ్వు రాస్తే, పోయిన ఉత్తరంలో ఏమీ లేదన్నాను. అబద్ధం రాశానమ్మా.

ఒక మధ్యాహ్నం దాన్ని మా హాలుకు తీసుకెళ్లాను. కొత్త సినిమా, పోస్టరు మీద పెద్ద పడవ, చిన్నపిల్ల. రేవులో జనం తోసుకుంటుంటే తల్లి చేతిలోంచి ఆ పిల్ల చెయ్యి జారిపోతుంది. మన పిచ్చుక వెక్కివెక్కి ఏడ్చింది. దాని ఏడుపు చూడలేకపోయాను. దానికి తోడు ఆట ముగిసే వేళకు లేచి తలుపులు తీయడం నా కాళ్లకు అలవాటు. దాన్ని బయటికి లాక్కొచ్చేశాను.

"అమ్మమ్మా, వాళ్లమ్మ దొరికిందా?" అంది.

"నాకేం తెలుసే, నేనూ నీతోనే వచ్చేశాగా."

"దొరక్కపోతే?"

అక్కడ నేను నోరు మూసుకోవాల్సింది. "అందుకే మీ అమ్మ చెయ్యి ఎప్పుడూ వదలకు" అన్నాను. పిల్లను ఏడిపించానని నువ్వు కోప్పడతావని, సినిమా సంగతి ఇంట్లో చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాను. పాపం, అది రెండు మాటలూ నిలబెట్టుకుంటోంది. దానికి ఇంకే జబ్బూ లేదని నా నమ్మకం. డాక్టరుగారికి కూడా ఈ సంగతి చెప్పు.

నీ ఉత్తరం అందిన మర్నాడే మధ్యాహ్నం ఆటకు వెళ్లాను. ఆపరేటరు నన్ను చూసి నవ్వాడు.

"ఏంటి పిన్నిగారూ, మీరు ఒక్కరే వచ్చి సీట్లో కూర్చోవడం నేను చూడటం ఇదే మొదటిసారి. దారి తప్పారా?"

"వేళాకోళం చాల్లే నాయనా, బొమ్మ వెయ్యి. ఇవాళ శుభం కార్డు పడితేగానీ లేవను" అన్నాను.

తల్లి దొరుకుతుందమ్మా. ఆవిడ ఆ రేవు వదిలి ఎక్కడికీ పోలేదు. ప్రతి పడవ దగ్గరా నిలబడి, దిగే పిల్లల మొహాలు ఒక్కొక్కటీ చూస్తూనే ఉంది. మేం లేచొచ్చాక పావుగంటలోనే ఉంది అదంతా. లైట్లు వేశాక కూడా నేను లేవలేకపోయాను.

ఇది నువ్వు పిల్లకు చెప్పకు. ఊరుకోబెట్టడానికి అంటున్నావనుకుంటుంది. ఒట్టు వేయించుకున్నది నేను, తీసి గట్టున పెట్టాల్సిందీ నేనే. తప్పు మాట చెప్పానని దాని మొహం చూసి ఒప్పుకోవాలి. మీ ఊరి హాల్లో పదిహేనో తేదీ ఆదివారం పొద్దుటి ఆట అదే సినిమా వేస్తున్నారని ఆపరేటరు కనుక్కుని చెప్పాడు. దాన్ని నేను తీసుకెళతాను, ఈసారి లేవను. నువ్వు మాత్రం ఆ పూట సెలవు పెట్టకు. డ్యూటీకి వెళ్లు. సినిమాలో తల్లి దొరకడమే కాదు, నువ్వు వెళ్లి తిరిగి రావడం కూడా అది చూడాలి.

తిట్టాలనుంటే ఎదురుగా తిట్టు. ఉత్తరంలో తిడితే పదిసార్లు చదువుకుంటాను. పద్నాలుగో తేదీ శనివారం, పొద్దున్న ఎనిమిది గంటల బస్సుకు బయల్దేరి వస్తున్నాను.

ఇట్లు,
మీ అమ్మ